గులాబీ, మందారం, నిమ్మ మీద గడ్డి మందు పడింది: కొమ్మలు నరకాలా, ఆగాలా?

మీరు రాసింది ఇదీ: దారి పక్క గడ్డికి గ్లైఫోసేట్ కొడుతుంటే గాలి మళ్లి గులాబీ, మందారం పొదల మీద, రెండేళ్ల నిమ్మ మొక్క మొదట్లో పడింది. పన్నెండు రోజులైంది, చిగుళ్లు పసుపెక్కాయి. కొమ్మలు నరికి, యూరియా వేసి, నీళ్లు పెడితే తేరుకుంటాయా అని అడిగారు. నరకొద్దు. యూరియా అసలే వద్దు. నీళ్లు మాత్రం పెట్టండి.

గ్లైఫోసేట్ పడ్డచోటే ఉండిపోయే మందు కాదు. పచ్చగా ఉన్న ఏ భాగం నుంచైనా లోపలికి దిగి, ఆకులో తయారైన చక్కెర వెళ్లే దారినే పట్టుకుని చిగుళ్లకూ వేళ్లకూ చేరుతుంది. అక్కడ మొక్కకు కావాల్సిన కొన్ని అమైనో ఆమ్లాల తయారీని ఆపేస్తుంది. అందుకే దెబ్బ ముందు లేత చిగుళ్లలో కనిపిస్తుంది, అదీ వారం పది రోజులు ఆలస్యంగా. పన్నెండో రోజున కొమ్మ నరికినా మందు బయటికి రాదు, అది ఎప్పుడో దాటిపోయింది. పోయేది మొక్కకు మిగిలిన కాసిని పచ్చటి ఆకులే. నరకడం పనికొచ్చే సందర్భం ఒక్కటే: ఒకటి రెండు కొమ్మల మీదే పడిందని కచ్చితంగా తెలిసి, అదే రోజు, తడిసిన చోటికి బాగా దిగువన కోసేయగలిగినప్పుడు.

ఇంకోసారి ఇలా జరిగితే ముందు చేయాల్సింది కడగడం. మందు ఆరకముందే, చేతులకు తొడుగులు వేసుకుని, గొట్టంతో ఆకుల రెండు వైపులా ధారాళంగా నీళ్లు కొట్టాలి. డబ్బా మీద ‘కొట్టాక ఇన్ని గంటలు వాన పడకూడదు’ అని ఉంటుంది చూడండి, మీకు కడగడానికి ఉన్న గడువు కూడా అదే. తయారీని బట్టి అరగంట నుంచి ఆరు గంటల దాకా ఉండొచ్చు. ఒక్క నిమిషం ముందు కడిగినా అంత మేలు.

మట్టి గురించి కంగారు పడకండి. గ్లైఫోసేట్ మట్టి రేణువులకు గట్టిగా అతుక్కుపోతుంది, అక్కడి నుంచి వేళ్లకు అందేది చాలా తక్కువ. పాదులో మట్టి తవ్విపోయక్కర్లేదు. కానీ డబ్బా మరోసారి తీసి, అందులో ఉన్నది గ్లైఫోసేట్ ఒక్కటేనా అని చదవండి. రెండు మూడు మందులు కలిపి అమ్మేవి చాలా ఉన్నాయి, వాటితో కథ పూర్తిగా మారిపోతుంది.

లక్షణాలు చూసి కూడా కొంత పోల్చుకోవచ్చు. 2,4-డి, డైకాంబా జాతి గడ్డి మందులు అయితే ఒకటి రెండు రోజుల్లోనే తొడిమలు మెలితిరుగుతాయి, ఆకులు దొప్పల్లా ముడుచుకుంటాయి. పారాక్వాట్ అయితే మర్నాటికే బొట్టు పడిన మేరకు కాలిన మచ్చ వస్తుంది, తర్వాత వచ్చే చిగురు మాత్రం శుభ్రంగా ఉంటుంది. నిజానికి చెట్లకు అన్నిటికంటే తేలిగ్గా పోయే దెబ్బ అదే. అట్రజిన్, డయురాన్ లాంటివి వేళ్ల నుంచి ఎక్కుతాయి కాబట్టి ముదురాకుల అంచులు, ఈనెల మధ్య భాగం ముందు పసుపెక్కుతాయి. గ్లైఫోసేట్‌కు చెరగని గుర్తు తర్వాతి విడత చిగురులో ఉంటుంది: సన్నటి పోచల్లాంటి ఆకులు, ఒకే కణుపు దగ్గర చీపురు కట్టలా గుత్తిగా. గులాబీల్లో ఇది చూసి చాలామంది వైరస్ అనుకుని మొక్క పీకేస్తారు.

తామర పురుగు, నల్లి కూడా ఆకుల్ని ముడిచేస్తాయి కాబట్టి అనుమానం ఉంటే కింద ఉన్న కలుపు వైపు చూడండి. కలుపు, పొద, పక్కనున్న మరో జాతి మొక్క అన్నీ ఒకే వైపు నుంచి ఒకేసారి చెడితే అది మందే. ఒక్క జాతికే వచ్చి, మిగతావి నిక్షేపంగా ఉంటే ఆకు తిప్పి భూతద్దంతో పురుగు కోసం వెతకండి.

డైకాంబా, డయురాన్, ఇమాజపైర్ లాంటివి మట్టిలో ఉండి పనిచేస్తాయి. ఇవి పాదులో ఒలికితే పైన 5 సెంటీమీటర్ల మట్టి ఎత్తేయాలి. తర్వాత మందును పట్టేసుకునే యాక్టివేటెడ్ కార్బన్ పొడి చదరపు మీటరుకు 60–70 గ్రాములు చల్లి, వేళ్లు తెగకుండా పైపైన కలపాలి. వంటచెరకు బొగ్గు దీనికి బదులు కాదు. ఇక్కడ నీళ్లు గుమ్మరించారంటే మందును చేతులారా వేళ్ల దాకా దింపినట్టే.

మట్టిలో గాని, కొన్న పశువుల ఎరువులో గాని ఇంకా మందు ఉందా అనే సందేహానికి చిక్కుడు గింజలే పరీక్ష. ఒక కుండీలో అనుమానం ఉన్న మట్టి, ఇంకోదాంట్లో మంచి మట్టి పోసి, నాలుగేసి గింజలు వేసి రెండు మూడు వారాలు చూడండి. మొదటి దాంట్లోనే ఆకులు దొప్పలు తిరిగితే ఆ మట్టి పూల మొక్కల దగ్గరికి తేవద్దు. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడలో కూడా ఆ మందు మిగిలే ఉంటుంది. గ్లైఫోసేట్‌కు మాత్రం ఈ పరీక్ష పనిచేయదు.

ఇప్పుడు మీ మొక్కలు. వారానికోసారి నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టండి, రోజూ చిలకరించడం వద్దు. పాదులో 5–8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరచి, కాండం చుట్టూ అరచేతి వెడల్పు ఖాళీ వదలండి. యూరియా లాంటి నత్రజని ఎరువు వేస్తే ఇంకా తేరుకోని మొక్కను చిగురు వేయమని తోసినట్టు అవుతుంది. మామూలు ఆకులు వచ్చాక సగం మోతాదుతో మొదలుపెట్టొచ్చు. ఆ రోజు చెట్టు మీద ఉన్న కాయలు తినకండి.

మందారం తొందరగా తేరుకోవచ్చు. గులాబీకి ఒకటి రెండు విడతల చిగురు వికారంగా రావచ్చు. భయం నిమ్మ మీదే, ఎందుకంటే లేత కాండం బెరడు ఆకుపచ్చగా ఉండి మందును పీలుస్తుంది. అంటుకు దిగువన పిలకలు ఉంటే వాటి మీద పడినదీ వేళ్లలోకే పోతుంది. గోటితో బెరడు కొద్దిగా గీరి చూడండి: కింద పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది, గోధుమ రంగు పొడిగా ఉంటే పోయింది. కనీసం ఒక పూర్తి చిగురు కాలం ఆగి, ప్రాణం ఎక్కడిదాకా ఉందో తేలాకే కత్తెర పట్టండి.

ఇకపై చెట్ల మధ్య కొట్టేటప్పుడు నాజిల్‌కు గొడుగు లాంటి తొడుగు తగిలించి, ఒత్తిడి తగ్గించి, నేలకు దగ్గరగా పట్టండి. 2,4-డిలో ఈస్టర్ రకం ఎండకు ఆవిరై దూరం పోతుంది, తోట దగ్గర అమైన్ లవణమే వాడాలి. గాలి బొత్తిగా కదలని తెల్లవారుజాము కూడా మంచిది కాదు, సన్నటి తుంపర నేల దగ్గరే తేలుతూ పక్కకు పాకుతుంది.

ట్యాంకును ఊరికే తొలిచి అందులోనే గులాబీలకు పురుగు మందు పోయడం ఇంకో పెద్ద తప్పు. కడగాలంటే ఒకసారి నీళ్లతో తొలిచి, లీటరుకు 10 మిల్లీలీటర్ల చొప్పున ఇంట్లో వాడే అమ్మోనియా కలిపి, గొట్టం, నాజిల్ గుండా కొంత పంపి రాత్రంతా ఉంచి, మళ్లీ రెండుసార్లు మంచి నీళ్లతో తొలవాలి. జల్లెడ విడిగా కడగాలి. అమ్మోనియాలో బ్లీచింగ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. ఇంత చేసినా రబ్బరు గొట్టం పీల్చుకున్న 2,4-డి పూర్తిగా వదలదు. గడ్డి మందుకు వేరే స్ప్రేయర్ పెట్టుకుని, దాని మీద ఎర్ర రంగుతో పెద్దగా రాసేయండి.