చిన్నజాతి గుర్రాలకు కంచె: ఎత్తు కన్నా అడుగుభాగం ముఖ్యం

ప్రశ్న: మా జీడితోట పక్కన 50 సెంట్ల బీడులో మూడు చిన్నజాతి గుర్రాలు పెంచుతున్నాం. రెండు ఆడవి, ఒకటి మగది. ఆడవాటిలో ఒకటి చూడితో ఉంది. ఇప్పుడు నాలుగు వరుసల ముళ్లతీగ ఉంది, రాత్రిళ్లు ఊరకుక్కలు దూరుతున్నాయి. మేకలకు వేసే పెద్దకళ్ల జాలీ చవగ్గా దొరుకుతోంది. అది వేయొచ్చా?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

సలహా: వేయొద్దండి. ఆరంగుళాల కన్నులో ఈ గుర్రాల గిట్ట సులువుగా దూరుతుంది, వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రం గిట్ట అంచు తీగకు తగులుకుంటుంది. మేకైతే అరుస్తూ నిలబడుతుంది. గుర్రం బెదిరి, చర్మం చీలి నరం తెగేదాకా గుంజుతుంది. ముళ్లతీగ ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా సోకుతుంది, తుప్పు తీగ గీరినా తేలిగ్గా తీసుకోకూడదు. టీకా వేయించకపోతే పశువైద్యుణ్ని కలిసి ముందు ఆ పని చూడండి.

ఈ జాతి గుర్రం భుజం దగ్గర 34 నుంచి 38 అంగుళాలు మించదు. దాన్ని ఆపడానికి నాలుగడుగుల కంచె చాలు. మేం ఐదడుగులు వేయమనేది కుక్కల కోసం. అసలు జాగ్రత్త పడాల్సింది కింది అడుగున్నర దగ్గర. గుర్రప్పిల్ల కంచె వారగా పడుకుని పొర్లిందంటే సందులోంచి అవతల తేలుతుంది. తల్లి ఇవతల, పిల్ల అవతల, చుట్టూ కుక్కలు. అందుకే జాలీకి, నేలకు మధ్య రెండంగుళాలకు మించి సందు ఉండకూడదు.

రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు కళ్లతో ముడివేసి అల్లిన జాలీ దొరికితే అదే మేలు. దొరక్కపోతే రెండంగుళాల కళ్ల చైన్‌లింక్, 10 గేజి తీగతో తీసుకోండి. దాని పై కొసలు కత్తిరించి వదిలేసినవి కాకుండా, మడిచినవి అడగండి. వెల్డ్ మెష్ చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ గుర్రం ఒళ్లు రుద్దుకుంటే అతుకులు ఊడి తీగ మొనలు బయటికొస్తాయి. మన ఉప్పుగాలికి తుప్పు కూడా ముందు ఆ అతుకుల దగ్గరే మొదలవుతుంది. ఏ జాలీ అయినా మందంగా జింకు పూత ఉన్నదే కొనండి.

50 సెంట్లను సుమారు 150 అడుగుల పొడవు, 145 అడుగుల వెడల్పు అనుకుంటే చుట్టుకొలత 590 అడుగులు. 50 అడుగుల చుట్టలు 12 పడతాయి. ఎనిమిది అడుగులకొకటి చొప్పున స్తంభాలు 75 దాకా కావాలి. సరుగుడు గుంజలు చవకే కానీ చెద వదలదు, సిమెంటు లేదా రాతి స్తంభాలు వేయండి. ఏడడుగుల స్తంభంలో రెండడుగులు భూమిలోకి పోవాలి. మూలల్లో ఎనిమిది అడుగులవి మూడడుగుల లోతున కాంక్రీటుతో పాతి, రెండు వైపులా ఏటవాలు ఊతాలు ఇవ్వండి. మూల వంగితే మొత్తం జాలీ సడలుతుంది.

జాలీని స్తంభాలకు లోపలి వైపు, అంటే గుర్రాల వైపు బిగించాలి. బయట కడితే గుర్రం ఆనుకున్నప్పుడు బరువంతా కట్టుతీగ మీదే పడుతుంది. కట్టుతీగ కొసలు బయటికి మడవండి. పైన, అడుగున ఒక్కో లాగుడు తీగ (జాలీ సడలకుండా స్తంభాల వెంట బిగించి లాగే తీగ) తప్పనిసరి. చైన్‌లింక్‌కు అడుగు తీగ లేకపోతే కుక్క మూతితో ఎత్తేస్తుంది. కుక్కలు తవ్వకుండా బయటివైపు అడుగున్నర వెడల్పు జాలీ పట్టీని నేలమీద పరిచి, కంచెకు కట్టి రాళ్లు పెట్టండి. అసలు జాలీని పాతిపెడితే కింది అంచు తుప్పుపట్టి మొత్తం మార్చాల్సి వస్తుంది. పట్టీ అయితే అదొక్కటే మార్చుకోవచ్చు.

గుర్రాలు రుద్దుకోవడం మానకపోతే లోపల రెండడుగుల ఎత్తున, సోలార్ యంత్రంతో షాక్ ఇచ్చే కరెంటు టేపు (సన్నని తీగలు అల్లిన పట్టీ) ఒకటి చాలు. యంత్రం ఆగి ఆగి ఇచ్చే చిన్న షాక్ వేరు, ఇంటి కరెంటు వేరు. నేరుగా లైను కలిపితే మనుషులే పోతారు, అది నేరం కూడా. ఎర్రనేల ఎండాకాలంలో ఎండిపోయి ఎర్తు అందదు. ఆరడుగుల కడ్డీలు మూడు, పదేసి అడుగుల దూరంలో దిగ్గొట్టి, వేసవిలో వాటి మొదట్లో నీళ్లు పోస్తుండండి.

గేటు కింద సందు కూడా రెండంగుళాలే. మడతబందుల సీలలు రెండూ పైకే ఉంటే గుర్రం తల దూర్చి గేటు లేపేస్తుంది, పై సీలను తలకిందులుగా పెట్టించండి. గడియను పెదాలతో తీయడం వీటికి ఆటే. బయటివైపు గొలుసు, కొక్కెం ఉండాలి.

మగదాన్ని వేరు చేసి, మధ్యలో ఆరడుగుల దారి వదిలి రెండు కంచెలు వేయండి. ఒకే కంచెకు అటూ ఇటూ ఉంటే కాళ్లతో తన్నుకుంటాయి.

కంచె వెంట గన్నేరు, పచ్చగన్నేరు, ఆముదం, లాంటానా ఉంటే పీకేయండి, అన్నీ గుర్రానికి విషమే. కంచెకు షేడ్‌నెట్ కట్టొద్దు. జాలీలోంచి గాలి దాటిపోతుంది, నెట్ మాత్రం తెరచాపలా పట్టుకుని స్తంభాలను పెకిలిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో చెట్లను ఎలా కూల్చిందో చూశాం కాబట్టి, కంచె మీదికి వాలిన జీడి కొమ్మలు అక్టోబరు లోపే కొట్టించండి.

కొత్త కంచె పూర్తయ్యేదాకా చూడిదాన్ని రాత్రిళ్లు తలుపున్న పాకలో ఉంచండి. గుర్రాలు ఎక్కువగా ఈనేది రాత్రిపూటే.