గ్రూపులో నేనే స్లో, సబ్-2 హాఫ్ కోసం గ్రూప్‌తో ఉండాలా, ఒక్కడినే ప్రాక్టీస్ చేసుకోవాలా?

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ళ కింద నేనే రాసినట్టు అనిపించింది. ఇప్పటిదాకా హాఫ్ మారథాన్‌లో, అంటే 21.1 కిలోమీటర్లకి, బెస్ట్ 2:09, జనవరి రేస్‌లో రెండు గంటల లోపు, అంటే సబ్-2, చెయ్యాలి, గ్రూపులో అందరూ ముందు వెళ్ళిపోయి నా కోసం ఆగుతున్నారు, వాళ్ళకి భారం అయిపోతున్నానేమో అని అడిగారు కదా. సూటిగా చెప్తా, గ్రూప్ వదలకండి. ఆ భారం సంగతి చివర్లో చెప్తా, దానికి నా దగ్గర మంచి జవాబే ఉంది.

ముందు నా సంగతి. నేను కూకట్‌పల్లిలో ఉంటా, మాది ఎనిమిది మంది గ్రూప్, ప్రతి ఆదివారం పొద్దున 4:45కి నెక్లెస్ రోడ్‌లో పీపుల్స్ ప్లాజా దగ్గర కలుస్తాం. ఒకరు బ్యాంకులో చేస్తారు, అందరం బ్యాంకన్న అంటాం, ఒకావిడ గవర్నమెంట్ స్కూల్ టీచర్, 51 ఏళ్ళు, టీచరక్క, మిగతావాళ్ళం సాఫ్ట్‌వేర్ వాళ్ళమూ ఒక మెడికల్ షాప్ ఆయనా. ఎవరమూ చిన్నప్పుడు ఆటల్లో ఉన్నవాళ్ళం కాదు.

నా మొదటి సబ్-2 ప్రయత్నం ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్. ఆ కోర్సు మీకు తెలిసే ఉంటుంది, నెక్లెస్ రోడ్ మీద మొదలై గచ్చిబౌలిలో అయిపోతుంది, మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కడం దిగడం, పైగా వానాకాలం ఉక్కపోత, చెమట ఆరదు. ముందు రోజు రాత్రి మా వాట్సాప్ గ్రూప్ నిండా కుమ్మెయ్ బ్రో, నీ వల్ల అవుతుంది, రేపు నీదే అని మెసేజ్‌లు. అవన్నీ చదువుకుని ఊగిపోతూ పడుకున్నా. పొద్దున మొదటి 5 కిలోమీటర్లు 26:30లో వెళ్ళిపోయా, అంటే కిలోమీటర్‌కి 5:18, అసలు కావాల్సింది 5:41. అప్పుడు ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఇవాళ మన రోజు అనుకున్నా. పద్నాలుగో కిలోమీటర్ దగ్గర కుడి పిక్క పట్టేసింది, తర్వాత ప్రతి ఎత్తు మీదా నడకే. 2:06:40.

ఇంటికొచ్చాక ఆ మెసేజ్‌లన్నీ మళ్ళీ చూశా. వాళ్ళందరూ మనస్ఫూర్తిగానే రాశారు, అందులో అనుమానం లేదు. కానీ ఒక్కరు కూడా మొదటి 5 ఎంతలో వెళ్తున్నావ్ అని అడగలేదు. నాకు ఆ రోజు అర్థమైంది ఇదే, రన్నర్‌కి సాయం చెయ్యడం అంటే తొయ్యడం కాదు, ముఖ్యంగా మొదటి సగంలో పట్టుకుని ఆపడం. ఆ పని చెయ్యాలంటే మీరు కిలోమీటర్‌కి ఎంతలో వెళ్ళాలో ఆ మనిషికి తెలిసుండాలి.

మరుసటి ఆదివారం రన్ అయిపోయి ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డప్పుడు బ్యాంకన్న నా ఫోన్ తీసుకుని స్ట్రావా అనే రన్నింగ్ యాప్‌లో స్ప్లిట్స్, అంటే కిలోమీటర్ల వారీ టైమ్‌లు, అన్నీ పైనుంచి కింద దాకా చూశారు. చూసి, "నువ్వు పరిగెత్తలేక పోలేదు తమ్ముడూ, ఆగలేక పోయావ్, డిసెంబర్‌లో ఇంకో రేస్ ఉంది, నేను కూడా బిబ్ తీసుకుంటా, నా ముందుకి వచ్చావంటే కాలర్ పట్టుకుంటా" అన్నారు. బిబ్ అంటే డబ్బు కట్టి తీసుకునే రేస్ నంబర్. అప్పటికి ఆయన హాఫ్ బెస్ట్ 1:46. ఆ డిసెంబర్ రేస్‌లో ఆయన తన టైమ్ కోసం పరిగెత్తుకోవచ్చు, అది వదులుకుని నా పక్కన ఉంటానంటున్నారు, నాకు ఏమనాలో తోచలేదు, చట్నీ ఎక్కువైంది అని ఏదో మాట మార్చేశా.

ఇంకొకరి సాయంతో చేస్తే అది మన పీబీ (పర్సనల్ బెస్ట్) ఎలా అవుతుంది అని కొంతమంది అంటారు, నాకూ ఆ డౌట్ ఉండేది. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మొదటిసారి మైలు నాలుగు నిమిషాల లోపు, 3:59.4లో పరిగెత్తినప్పుడు ముందు క్రిస్ బ్రాషర్, తర్వాత క్రిస్ చాటవే పేస్ చేశారు, అంటే ముందు పరిగెడుతూ వేగం కుదిర్చారు. మొదటి ల్యాప్‌లో బానిస్టర్‌కి ఒళ్ళు తేలిగ్గా ఉండి ఫాస్టర్ అని వెనకనుంచి అరిచాడట, బ్రాషర్ వినిపించుకోలేదు, తన లెక్కలో తను వెళ్ళాడు, ఆ ల్యాప్ 57.5 సెకన్లు. అది ఇంకా పెంచి ఉంటే చివరి ల్యాప్‌కి ఏం మిగిలేదో ఎవరికి తెలుసు. కెన్యా రన్నర్ కిప్చోగె 2019లో వియన్నాలో ఫుల్ మారథాన్ దూరం 1:59:40లో చేసినప్పుడైతే మారి మారి 41 మంది పేసర్లు. అందుకే అది అఫీషియల్ రికార్డ్ కాలేదు, నిజమే, కానీ అంతటివాడే పక్కన మనిషి కావాలనుకున్నాడు కదా.

సరే, మీ ప్రాక్టీస్ విషయానికొస్తా. మీరు రాసినదాన్ని బట్టి మీ గ్రూపులో జరుగుతున్న అసలు తప్పు ఏంటంటే ఆదివారం లాంగ్ రన్ రేస్ అయిపోతోంది. ఒకరు ముందుకి వెళ్తే ఇంకొకరు, చివర ఉన్నవాళ్ళు వాళ్ళని అందుకోడానికి ప్రతి వారం ఊపిరి బిగబట్టి పరిగెడతారు. నేను అలాగే చేసి షిన్ (మోకాలి కింద ముందెముక) నొప్పి తెచ్చుకుని ఆరు వారాలు పరుగు లేకుండా కూర్చున్నా. సబ్-2 టార్గెట్ ఉన్నవాళ్ళకి లాంగ్ రన్ కిలోమీటర్‌కి 6:40, 7:00 కూడా చాలు, పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉండాలి.

మేం మార్చుకున్న చిన్న పద్ధతి ఒకటుంది, మీ వాళ్ళకి చెప్పి చూడండి. దూరం లెక్కన కాకుండా టైమ్ లెక్కన పరిగెడతాం. అందరూ ఒకే చోట మొదలుపెట్టి ఎవరి పేస్‌లో వాళ్ళు 50 నిమిషాలు వెళ్ళి, ఎక్కడున్నా సరే అక్కడే వెనక్కి తిరగాలి. అదే పేస్‌లో తిరిగొస్తే అందరం అటూ ఇటూగా ఒకేసారి చేరతాం, ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు, పైగా తిరిగొచ్చేటప్పుడు ముందుకెళ్ళినవాళ్ళు వెనకనుంచి మనల్ని అందుకుంటూ ఉంటారు కాబట్టి ఆఖరి రెండు మూడు కిలోమీటర్లు దాదాపు కలిసే పరిగెడతాం. బుధవారం ఇంటర్వల్స్ కూడా అంతే, మూడు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు జాగింగ్, ఆ రెండు నిమిషాల్లో ముందున్నవాళ్ళు వెనక్కి వచ్చి కలవాలి. ఈ ఒక్క మార్పుతో మా గ్రూపులో మానేద్దామనుకున్న ఇద్దరు మానకుండా ఉన్నారు.

ఇంకోటి, టార్గెట్ నిజంగా మీకు అందేదేనా అన్నది గ్రూపులో మొహమాటం లేని ఒకరిని అడగండి. 10కే, అంటే 10 కిలోమీటర్లు, 54 నిమిషాల్లో చెయ్యగలిగితే, లాంగ్ రన్స్ సరిగ్గా పడితే, సబ్-2 అందుతుంది. ఇప్పుడు 10కే 59 అయితే జనవరికి 2:04 పెట్టుకోండి, అది కూడా మీకు ఐదు నిమిషాల పీబీనే కదా.

ఇక డిసెంబర్ రేస్. సిటీ శివార్లలో, దాదాపు ఫ్లాట్ కోర్సు. స్టార్ట్‌కి ముందు బ్యాంకన్న స్కెచ్ పెన్‌తో నా ముంజేతి మీద నాలుగు అంకెలు రాశారు, 5 దగ్గర 28:25, 10 దగ్గర 56:50, 15 దగ్గర 1:25:15, 20 దగ్గర 1:53:40. తన చేతి మీద కూడా అవే రాసుకున్నారు, అది నాకు కొంచెం వింతగా అనిపించింది కానీ అడగలేదు. జీపీఎస్ వాచీలు దూరం కొంచెం ఎక్కువ చూపిస్తాయి, 21.1కి 21.3 వస్తుంది, అందుకని వాచీలో 5:38 కనిపించాలి అన్నారు. ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి, వాచీని నమ్ముకుని 5:41 మీదే కూర్చుని 2:00:30తో ఏడ్చినవాళ్ళని చూశా.

మొదటి ఐదు కిలోమీటర్లు నాకు నరకం, అలసిపోయి కాదు, అందరూ దాటుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఆయన నాకు అరడుగు ముందు, కుడి పక్కన. నేను భుజం దాకా వచ్చినప్పుడల్లా అరచెయ్యి కిందకి తిప్పి రెండుసార్లు మెల్లగా ఆడించేవారు, క్లాసులో పిల్లల్ని కూర్చోమన్నట్టు. మాట లేదు. పది దగ్గర 56:40. పదిహేను దగ్గర 1:24:50, అప్పటికి నా చేతి మీద అంకెలు చెమటకి నీలం మరక అయిపోయాయి, ఆయన మణికట్టు నా మొహం ముందు పెట్టి చూపించారు. పదిహేడు దాటాక కాళ్ళు బరువెక్కాయి, అప్పుడు మొదటిసారి ఆయన నోరు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టారు, వాళ్ళ బ్రాంచిలో గోల్డ్ లోన్ కోసం ఒక ముసలాయన రోజూ వచ్చి కూర్చునే కథ, చాలా పొడుగు కథ, నాకు సగం కూడా ఎక్కలేదు, కానీ కథ అయ్యేసరికి పంతొమ్మిది బోర్డు వచ్చింది. ఇరవై దగ్గర 1:52:50. అప్పుడు ఆ చెయ్యి పైకి తిప్పి ముందుకి చూపించి, "ఇక పో" అన్నారు. చిప్ టైమ్ 1:58:52. ఆయన నా వెనక పది సెకన్లకి వచ్చారు, కావాలనే.

ఒక్క మాట, ఇలా పక్కన పరిగెత్తేవాళ్ళు కచ్చితంగా బిబ్ తీసుకోవాలి. బిబ్ లేకుండా మధ్యలో దూరి పేస్ చెయ్యడం రూల్స్ ప్రకారం తప్పు, డబ్బు కట్టినవాళ్ళ నీళ్ళు మనం తాగడం అదింకా తప్పు.

అన్నిసార్లూ ఇలా జరగదు, అది కూడా చెప్పాలి. తర్వాతి ఏడాది టీచరక్కకి నేను పేస్ చేశా, టార్గెట్ 2:45, అంటే కిలోమీటర్‌కి 7:49. 2:47:10 అయ్యింది. ఫినిష్ దగ్గర మావాళ్ళు పర్లేదు అక్కా, ఫినిష్ చేశావ్ అదే గొప్ప అంటుంటే ఆవిడ మొహం ఇంకా ముడుచుకుపోయింది. నాలుగు నెలలు పొద్దున నాలుగింటికి లేచి, వంట చేసి పెట్టి వచ్చిన మనిషికి పర్లేదు అని మనం ఎలా చెప్తాం. మెడికల్ షాప్ అన్న ఒక్కడే ఏమీ అనకుండా టీ తెచ్చి చేతికిచ్చి పక్కన ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. పావుగంట తర్వాత ఆవిడే, "పన్నెండో కిలోమీటర్ దగ్గర నీళ్ళ కోసం ఆగకుండా ఉండాల్సింది" అంది. అప్పుడు స్ప్లిట్స్ తీసి మాట్లాడుకున్నాం. మీ గ్రూపులో ఎవరికైనా టార్గెట్ తప్పితే వాళ్ళు నోరు విప్పేదాకా ఆగండి. ఆవిడ ఆర్నెల్ల తర్వాత 2:43:36 చేసింది.

ఇప్పుడు ఆ భారం సంగతి. నా పీబీ అయ్యాక బ్యాంకన్నకి థాంక్స్ చెప్తూ, నా వల్ల మీ రేస్ పోయింది అన్నా. ఆయన నవ్వి, నాలుగు గంటల లోపు ఫుల్ మారథాన్‌కి, సబ్-4కి, పేస్ ఎంతో లెక్క కట్టు అన్నారు. కట్టి చూడండి, 42.195కి నాలుగు గంటలంటే అదీ 5:41 యే. జనవరిలో ఆయనకి ముంబై మారథాన్ ఉంది. రెండుసార్లు సబ్-4 కోసం వెళ్ళి, రెండుసార్లూ మొదటి సగం స్పీడ్‌గా వెళ్ళిపోయి, ముప్పై దాటాక పెడ్డర్ రోడ్ ఎత్తు మీద ఆగిపోయారట. నన్ను ఆపుతున్నానన్న పేరుతో ఆయన కూడా ఆగడం నేర్చుకుంటున్నారు, అందుకే తన చేతి మీద కూడా ఆ అంకెలు. నేను పక్కన లేకపోతే ఆ రోజు 1:45కి పరిగెత్తేసేవాణ్ణి, మూడు వారాలు కాళ్ళు లేచేవి కావు అన్నారు. మీ ముందున్నవాళ్ళలో మీ పేస్ అవసరం ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు, అడిగితే తెలుస్తుంది.

ఆ జనవరిలో నేను శుక్రవారం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని ముంబై వెళ్ళా. ఆదివారం పొద్దున పెడ్డర్ రోడ్ ఎత్తు మొదలయ్యే చోట నిలబడ్డా, జేబులో ఉప్పు పొట్లం. అక్కడ బిల్డింగుల్లోంచి జనం కిందకి దిగి నారింజ తొనలు, బిస్కెట్లు పంచుతుంటారు, చిన్నపిల్లలు చేతులు చాపి నిలబడతారు. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఆయన కనిపించారు, టోపీ వెనక్కి తిప్పుకుని, మొహం ఎర్రగా, కానీ అడుగు సమంగా. నాకు గొంతు దాకా వచ్చింది, కొట్టెయ్ అన్నా అని గట్టిగా అరవాలని. అరవలేదు. ఎత్తు ఇంకా మిగిలే ఉంది. అరచెయ్యి కిందకి తిప్పి రెండుసార్లు ఆడించా. ఆయన చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వి, చెయ్యి పైకెత్తి మణికట్టు చూపిస్తూ వెళ్ళిపోయారు, నీలం అంకెలు ఇంకా చెరగలేదు. 3:58:20.