పాపకు గాలం నేర్పాలంటే: మా నాయన నాకు నేర్పిన తీరు

"మా పాపకు తొమ్మిదేళ్లు. చేపలు పట్టడం నేర్పమంటోంది. నాకూ కొద్దిగానే వచ్చు. ఉండేది కర్నూలులో. ఎక్కడ మొదలుపెట్టాలి? అంతసేపు కూర్చునే ఓపిక దానికి ఉంటుందా?" అని అడిగారు. తప్పకుండా నేర్పండి. మా నాయన నాకు నేర్పినప్పుడు నాదీ ఇంచుమించు అదే వయసు. ఇప్పుడు నాకు నలభై దాటాయి, ఆయనకు డెబ్బై దాటాయి. ఇప్పటికీ వీలు దొరికిన ఆదివారం ఇద్దరం గాలాలు పట్టుకుని బయల్దేరతాం.

ముందు ఓపిక సంగతి. పిల్లలకు ఓపిక ఉండదంటే నేను ఒప్పుకోను. ఊరికే పక్కన కూర్చోబెడితే పెద్దవాళ్లకూ విసుగొస్తుంది. నాయన నాకు మొదటి రోజే పని అప్పజెప్పాడు. కుళాయి దగ్గర తడినేల తవ్వి ఎర్రలు (వానపాములు) ఏరి పెట్టేది నేనే. జొన్నదంటు పైపొట్టు ఒలిచి, లోపలి బెండు ముక్క కోసి దారానికి కట్టేదీ నేనే. నేను కట్టిన బెండు నీళ్లమీద తేలుతుంటే దాని మీద నుంచి చూపు తిప్పాలనిపించేది కాదు.

నేర్పాల్సింది కూడా ఆ బెండును చూడటమే. పరిగెలు ఎర కొరుకుతుంటే బెండు టకటకా ఆడుతుంది కానీ మునగదు. జెల్ల అయితే ఒక్కసారిగా గుంజేస్తుంది. రాగండి తగిలితే బెండు పక్కకు జరిగి, మెల్లగా కిందికి పోతుంది. నేను తొందరపడి లాగబోతే "ఆగు పాపా, అదింకా మింగల్యా" అనేవాడు నాయన. అంతే తప్ప నా చేతిలో కర్ర ఎన్నడూ లాక్కోలేదు, పెద్ద చేప దారం తెంపుకుపోతున్నా సరే. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: కర్ర పాప చేతిలోనే ఉండనివ్వండి. చేప పోతే పోనీ. లాగింది తనే అయితే మళ్లీ ఎప్పుడు పోదామని తనే అడుగుతుంది.

పెద్ద చేపల కోసం ఇప్పుడే వెతకొద్దు. చిన్న గాలం, ఎర్ర ముక్క, పరిగెలు, జిలేబీ చేపలు చాలు. చెయ్యి కుదిరాక శనక్కాయ చెక్క, తవుడు కలిపిన ముద్దతో రాగండికి వేయొచ్చు. జెల్లను మాత్రం మీరే గాలం నుంచి విడిపించండి. దాని వీపు మీద, రెండు పక్కలా ముళ్లుంటాయి. గుచ్చుకుంటే బాగా సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది.

ఇక చోటు. తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ దగ్గర మొదలై కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా పోయే కేసీ (కర్నూలు-కడప) కాలువ మీకు దగ్గరే, అయినా పిల్లలతో అక్కడ వద్దు. నీళ్లు వదిలినప్పుడు ఉరవడి ఎక్కువ, గట్టు జారితే పైకి రావడం పెద్దవాళ్లకే కష్టం. బ్యారేజీ కిందివైపు తుంగభద్రలోకి కూడా దింపొద్దు, గేట్లు ఎత్తితే నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. నాయన ఏళ్లుగా దాచుకున్న వెదురు కర్రలన్నీ కొట్టుకుపోయాయి. ఇల్లు కడిగి సర్దుకున్నాక ఆయన మొదట చేసిన పని కొత్త వెదురు తెచ్చి రెండు కర్రలు చెక్కడం. రెండోది నాదే. నది మీద ఆయనకు కోపం రాలేదు కానీ, ఆ తర్వాత నీటి మట్టం కనుక్కోకుండా మాత్రం ఎప్పుడూ దిగలేదు.

పాపతో మొదలుపెట్టడానికి ఏటవాలు గట్టున్న ఊరి చెరువు మేలు. గోనెగండ్ల దగ్గర హంద్రీ నది మీది గాజులదిన్నె జలాశయం కూడా బాగుంటుంది, ఒడ్డు పల్లంగా ఉన్నచోటు చూసుకోండి. చాలా చెరువుల్లో మత్స్యకార సంఘాలు చేపపిల్లలు వదిలి పెంచుకుంటాయి, అది వాళ్ల బతుకు. ముందే అడిగి వేయండి. మేం అడిగినచోట కాదన్నవాళ్లు తక్కువ, పైగా ఏ మూల పడతాయో కూడా చెప్పేవాళ్లు.

వానాకాలంలో ఒక దృశ్యం మాత్రం పాపకు చూపించండి. చెరువు అంచున ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు నీళ్లపైన కదులుతూ కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు. తల్లో తండ్రో కిందే కాపలా ఉంటుంది, గాలం వేస్తే పిల్లల మీదికి ఏదో వచ్చిందని కోపంతో పట్టేస్తుంది. అందుకే అక్కడ సులువుగా దొరుకుతుందని చాలామంది వేస్తారు. నాయన వేయనివ్వడు. కాపలా పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. ఈ విషయంలో ఆయన ఎవరి మొహమాటమూ చూడడు, చుట్టాలతో కూడా గొడవ పడ్డాడు. నేనూ అంతే.

పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే వచ్చేయండి. మొదటి చేప వేలెడంత ఉన్నా ఇంటికి తెచ్చి ఉప్పు, కారం, పసుపు పట్టించి పెనం మీద వేయించి, జొన్నరొట్టెతో పాప కంచంలోనే పెట్టండి. ముళ్లు తీసుకుని తినడం కూడా ఆ పూటే నేర్పేయొచ్చు.