రెండు వారాల్లో క్యాంపర్‌వ్యాన్‌లో నార్త్ కేప్ దాకా వెళ్లి రావచ్చా?

మీరు అడిగింది ఇదీ: హాంబర్గ్‌లో ఉంటున్నారు, జూన్ చివర్లో రెండు వారాల సెలవు ఉంది, మీరిద్దరూ, ఆరేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చే మీ అమ్మగారు కలిసి క్యాంపర్‌వ్యాన్‌లో, అంటే పడకలు, స్టవ్, టాయిలెట్ ఉండే వ్యాన్‌లో, నార్వే ఉత్తర కొసన ఉన్న నార్త్ కేప్ చూసి రావాలని. రాత్రిళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవచ్చంటారు, నిజమేనా అని కూడా అడిగారు. మేమూ జర్మనీలోనే ఉంటాం. పిల్లలతో, ఒక వేసవిలో మా అత్తగారితో కూడా, ఈ దేశాల్లో వ్యాన్‌లో తిరిగాం. ఆ అనుభవంతో చెప్తున్నాను.

ఈసారికి నార్త్ కేప్ వదిలేయండి. హాంబర్గ్ నుంచి ఒక్క వైపే రెండున్నర వేల కిలోమీటర్లు దాటుతుంది. నార్వేలో ఊళ్ల బయట మామూలు స్పీడ్ లిమిట్ గంటకు 80. పైగా ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో రెయిన్‌డీర్లు మందలుగా రోడ్డెక్కుతాయి, అవి కదిలేదాకా ఆగాల్సిందే. చివరికి చేరేది 307 మీటర్ల ఎత్తున్న కొండ అంచు. మే 14 నుంచి జూలై 29 దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు, అది చూడదగ్గదే, కాదనను. కానీ నెల రోజులు చేతిలో ఉన్నప్పుడు వెళ్లాల్సిన చోటు అది. రెండు వారాల్లో అయితే మీరు స్టీరింగ్ దగ్గర, పాప బెల్టులో, అమ్మగారు కిటికీ పక్కన, రోజంతా అంతే. ఆగడానికి వీలుండటమే వ్యాన్‌లో ఉన్న సుఖం. దాన్నే పోగొట్టుకుంటే కారు, హోటల్ నయం.

బదులుగా పశ్చిమ నార్వే పెట్టుకోండి. డెన్మార్క్ పైకొసన ఉన్న హిర్ట్స్‌హాల్స్ దాకా నడిపి, అక్కడ ఫెర్రీ ఎక్కితే మూడు గంటల పైచిలుకులో క్రిస్టియన్‌సాండ్‌లో దిగుతారు. అక్కడి నుంచి నిదానంగా సోగ్నె ఫ్యోర్డ్ వైపు వెళ్లండి. ఇది రెండు వందల కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం, లోతు 1,300 మీటర్లు. ఆ చుట్టుపక్కలే వారం గడపొచ్చు.

అక్కడ ఒక రోజు మాత్రం తప్పకుండా ఔర్లాండ్, లార్డాల్ ఊళ్ల మధ్య గడపండి. రెండింటి మధ్యా రెండు దారులున్నాయి. ఒకటి 24.5 కిలోమీటర్ల సొరంగం, 2000లో తెరిచారు. రోడ్డు సొరంగాల్లో ప్రపంచంలోనే పొడవైనది. నడిపేవాళ్లకు విసుగు, నిద్ర రాకుండా లోపల మూడు చోట్ల పెద్ద గుహల్లా తొలిచి నీలం లైట్లు పెట్టారు. రెండోది దాని మీదుగా కొండెక్కే పాత రోడ్డు, 47 కిలోమీటర్లు. చలికాలమంతా మూసి ఉంటుంది, సాధారణంగా జూన్ మొదటికల్లా తెరుస్తారు. ఔర్లాండ్ వైపు నుంచి ఎక్కితే స్టేగాస్టైన్ అనే చోట 650 మీటర్ల ఎత్తులో, కొండ నుంచి గాల్లోకి చాచిన చెక్క వంతెన మీద నిలబడి కింద ఫ్యోర్డ్ చూడొచ్చు. పొద్దున్నే వెళ్లండి, పది దాటితే బస్సులొస్తాయి. ఎక్కువమంది అది చూసి వెనక్కి తిరిగేస్తారు. మీరు తిరక్కండి, ఇంకా పైకి వెళ్లండి. 1,300 మీటర్ల దగ్గర జూన్‌లో కూడా రోడ్డుకు రెండు వైపులా వ్యాన్ కన్నా ఎత్తుగా మంచు కోసి ఉండొచ్చు. మా అత్తగారు చీర మీద జాకెట్, దాని మీద శాలువా కప్పుకుని ఆ మంచు గోడను అరచేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. పిల్లలు లోపలికి రామన్నారు. అక్కడే స్టవ్ వెలిగించి టీ పెట్టాను. సొరంగంలో వెళ్లి ఉంటే ఇరవై నిమిషాల్లో అవతల ఉండేవాళ్లం.

ఆ రోడ్డు సన్నగా ఉంటుంది. ఒంటి లేన్ దారుల్లో నీలం బోర్డు మీద తెల్లగా M అని ఉన్నచోట ఎదురొచ్చేవాళ్ల కోసం ఆగాలి. అందుకే ఆరు మీటర్ల లోపు వ్యాన్ తీసుకోండి. 5.99 మీటర్లని రాసి ఉండే మోడళ్లు ఊరికే రాలేదు. నార్వే ఫెర్రీల్లోనూ, తిరుగు ప్రయాణంలో స్వీడన్ మీదుగా వస్తే, స్వీడన్, డెన్మార్క్‌లను కలిపే ఓరెసుండ్ వంతెన మీదా ఆరు మీటర్లు దాటితే రేటు మారిపోతుంది. అయితే బెల్టున్న సీట్లు నాలుగు ఉన్నాయో లేదో ముందు చూడండి, పడకలు నాలుగుంటే చాలదు. మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలని గుర్తుంచుకుని సామాను సర్దండి.

ఇక ఎక్కడైనా ఆపుకోవచ్చన్న మాట. ఇది సగమే నిజం. ప్రకృతిలో అందరూ స్వేచ్ఛగా తిరగొచ్చని నార్వేలో 1957లో చట్టం చేశారు. అది నడిచేవాళ్లకు, టెంట్ వేసుకునేవాళ్లకు. వాళ్లు కూడా ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో ఉండాలి. బండికి ఆ హక్కు లేదు. రోడ్డు దిగి గడ్డిలోకి, ఒడ్డు మీదికి పోనివ్వడం నిషేధం. నిషేధం బోర్డు లేని పార్కింగ్‌లో ఒక రాత్రి పడుకుంటే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు, అంతే. ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవుల లాంటి చోట్ల వ్యాన్లు మరీ ఎక్కువై చాలా పార్కింగ్‌లలో రాత్రి ఆగనివ్వడం లేదు. అక్కడివాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ల ఇంటి ముందు చెత్త వేసి పోయిన జనాన్ని కళ్లారా చూశాను. డెన్మార్క్‌లో అయితే క్యాంప్‌సైట్‌కే వెళ్లండి.

అమ్మగారి కోసం ఒక మాట. వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంటుంది, రాత్రి లేస్తే అందరినీ దాటుకుని రావాలి. రెండు మూడు రాత్రులకొకసారి క్యాంప్‌సైట్‌లో హుట్టె అనే చెక్క క్యాబిన్ తీసుకోండి. మంచాలు, హాట్‌ప్లేట్ ఉంటాయి, దుప్పట్లు మీవే. ఆ రోజు స్నానాలు, బట్టలు ఉతకడం, కుక్కర్ పెట్టుకుని పప్పు, అన్నం, అన్నీ అయిపోతాయి. తాలింపు మాత్రం వ్యాన్ లోపల వేయకండి, పరుపులకు పట్టిన వాసన ఓ పట్టాన పోదు. జర్మనీ గ్యాస్ సిలిండర్ నార్వేలో మార్చి ఇవ్వరు, నిండుగా ఉన్నది తీసుకెళ్లండి.

టాయిలెట్ గురించి టెన్షన్ వద్దు. బయటి వైపు చిన్న తలుపు తీస్తే క్యాసెట్, అంటే టాయిలెట్ కింద మురికి చేరే డబ్బా, సూట్‌కేసులా చక్రాల మీద వస్తుంది. పెట్రోల్ బంకుల్లోనూ, క్యాంప్‌సైట్లలోనూ పారబోసే చోటుంటుంది. అక్కడ రెండు కుళాయిలుంటే ఒకటి క్యాసెట్ కడగడానికి, రెండోది తాగే నీళ్లకు. బోర్డు చదివాకే పైపు తగిలించండి.

అమ్మగారికి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఉంటే నార్వేకు వేరే వీసా అక్కర్లేదు. ఇండియా నుంచి నెయ్యి, మాంసం పచ్చళ్లు తేవద్దని ముందే చెప్పండి, యూరప్‌లోకే అనుమతి లేదు. ఆవకాయకు ఇబ్బంది లేదు. ఇక్కడి నుంచి కూరగాయలు మనిషికి పది కిలోల దాకా నార్వేకు తీసుకెళ్లొచ్చు గానీ బంగాళదుంపలు మాత్రం తీసుకెళ్లనివ్వరు, వాటిని అక్కడే కొనుక్కోండి.