గంట ఎక్కడ మోగాలి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. గుడి కంచు గంట దొంగల చేతుల్లోంచి తమ చేతికొచ్చాక, దాన్ని గుట్టుగా గుడికి చేర్చలేక అయిదుగురు పడే తిప్పలు: ఈ కథ బొమ్మల పుస్తకానికి చక్కగా సరిపోతుంది. అయితే నువ్వు పంపినది ఇంకా సినిమా స్క్రిప్టే, ప్యానెల్ (బొమ్మ గడి) నంబర్లు మాత్రం వేశావు. బాపు సినిమా తీసేముందు షాట్లు బొమ్మలుగా గీసుకునేవారు. నువ్వు సినిమా నుంచి బొమ్మకు వస్తున్నావు కాబట్టి వదిలేయాల్సింది నీకు ఎక్కువుంటుంది.

ముందు లెక్క. సినిమా స్క్రిప్టు పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. బొమ్మల పుస్తకానికి ఆ లెక్క పనికిరాదు. పుస్తకానికి 96 పేజీలు పెట్టుకో. 16 పేజీల ఫారాలు (ఒకే కాగితం మీద అచ్చయి మడిచే కట్టలు) ఆరు, అచ్చులో కాగితం వృథా కాదు. పేజీకి సగటున అయిదు ప్యానెళ్ళయితే మొత్తం 480. తలుపు తీయడం, మెట్లు దిగడం, ఆటో పిలవడం, ఎక్కడం సినిమాలో మూడు సెకన్లలో అయిపోతాయి. ఇక్కడ నాలుగు ప్యానెళ్ళు తినేస్తాయి. ఆటోలో ఇరుక్కున్న అయిదుగురినీ, ఒకడి ఒళ్ళో గంట ఉన్న గోనెసంచినీ చూపిస్తే చాలు, మిగతాది పాఠకుడే అల్లుకుంటాడు.

పేజీ తిప్పే చోటు చూసుకో. 1వ పేజీ కుడివైపు పడుతుంది, 2, 3 ఎదురెదురుగా ఉంటాయి. 3 చివర అనుమానం పెట్టి 4లో బయటపెట్టు. నీ స్క్రిప్టులో పోలీసు జీపు ప్రత్యక్షమయ్యేది 17వ పేజీలో. పుస్తకం తెరవగానే 16తో పాటు అదీ కంట్లో పడిపోతుంది. జీపును 18కి జరుపు.

తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర వెంటాట ఉంది కదా, ఆ పేజీ ఇలా రాసి చూడు. మొదటి ప్యానెల్ పేజీ వెడల్పంతా: ఎడమవైపు ఏడంతస్తుల గోపురం, కుడివైపుకు పరుగెత్తే అయిదుగురు. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడికి పరుగెత్తేవాడు వేగంగా కనిపిస్తాడు, ఎడమకు వచ్చేవాడు అడ్డుపడుతున్నట్టుంటాడు. వెంటపడేవాళ్ళను గోపురం వైపు ఉంచు, పేజీ మారేదాకా దిక్కు మార్చకు. తర్వాత మూడు చిన్న ప్యానెళ్ళు: పూలబుట్టకు తగిలిన మోచెయ్యి, జారుతున్న సంచి, దాని వైపు తిరిగిన ఒక కన్ను. దెబ్బ తగిలే క్షణం గీయించకు. ఎత్తిన చెయ్యి ఒక ప్యానెల్లో, కిందపడ్డ మనిషి తర్వాతి దానిలో ఉంటే, దెబ్బ ఆ రెంటి మధ్య ఖాళీలో తగులుతుంది. చివరి ప్యానెల్ మళ్ళీ వెడల్పుగా: సంచి నేలమీద, చుట్టూ జనం తలలన్నీ ఇటు తిరిగి ఉంటాయి.

అయిదుగురు ఒకే ప్యానెల్లో మాట్లాడితే గందరగోళమే. ముగ్గురికి మించి నోరు తెరవకూడదు. ముందు మాట్లాడేవాడు ఎడమవైపు నిలబడాలి, లేకపోతే మాటలు రాసే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి దాటిపోతాయి. తెలుగు మాటలు పొడవు గనక బెలూన్‌కు 12 మాటలు, ప్యానెల్‌కు 30 దాటనీయకు. పైన గుడులు, కింద ఒత్తులు వస్తాయి కాబట్టి మన అక్షరాలకు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటల కింది ఒత్తు కింది వరుసకు గుచ్చుకుంటుంది. ప్రతి ప్యానెల్లో పై నాలుగో వంతు ఖాళీ వదలమని ఆర్టిస్టుకు స్క్రిప్టులోనే రాయి. బొమ్మ అయ్యాక అడిగితే ఎవరి తల మీదో బెలూన్ కూర్చుంటుంది.

మనుషులను నీడలో కూడా పోల్చుకోగలగాలి. అయిదుగురినీ నల్లగా నింపి గీయించు, ఇద్దరు ఒకేలా కనిపిస్తే ఒకరి ఆకారం మార్చు. మాటా అంతే. నగరి మనిషి నోట అరవం, కుప్పం మనిషి నోట కన్నడం కలవడం మన జిల్లాలో సహజం. నువ్వు అందరి చేతా 'గంట మోగుతోంది' అనిపించావు. ఒకడైనా 'మోగతా ఉండాది గదరా సామీ' అనాలి. పేర్లు కప్పేసి చదివినా ఎవరి మాటో తెలియాలి.

ఇక చప్పుడు. ఈ పుస్తకం ప్రాణం అక్కడుంది, నువ్వేమో ఇంగ్లీషు కామిక్కుల చప్పుళ్ళు తెచ్చి పెట్టావు. ధ్వని పదాలకు తెలుగులో కరువా! బరువైనదానికి ఒత్తక్షరాలు: ధబ్, ఢాం, ఫెళ్. తేలికైనదానికి టక్, చిటుక్, కిర్ర్. గబగబ, చకచక మాత్రం బొమ్మ మీద వేయకు, అవి చప్పుళ్ళు కావు, పనితీరు చెప్పే మాటలు. నీ గంటకు మూడు గొంతులివ్వు: విడిగా తగిలితే 'ఠంగ్', గోనెసంచిలో 'ఠుక్', ఎవరైనా దాని నాలుకను గుడ్డతో కట్టేస్తే 'దుబ్'. దూరాన్ని అక్షరం పరిమాణంతో చూపించు. 'ఠంగ్'లోని సున్నను సాగదీసి తర్వాతి ప్యానెల్లోకి పోనిస్తే మోత ఇంకా ఆగలేదని కంటికే తెలుస్తుంది. అక్షరాన్నీ దాని ఒత్తునూ మాత్రం విడదీయనీయకు.

తాతయ్యగుంట గంగమ్మ జాతర ఘట్టంలో పెద్ద తప్పుంది. అన్ని వేషాలనూ ఒకే రోజు, ఒకే వీధిలో కలిపేశావు. ఏ వేషం రోజు దానిదే: మొదట బైరాగి, తర్వాత బండ, తోటి, దొర, మాతంగి. ఆ క్రమాన్నే వాడుకో. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామపు సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. వెంటాటను నాలుగు రోజులకు పరిచి, పేజీల రంగు తెలుపు, ఎరుపు, నలుపు, పసుపుగా మార్చు. 'మరుసటి రోజు' అని ఎక్కడా రాయనక్కర్లేదు. వేషం వేసుకునేవాళ్ళకు అది మొక్కు. నవ్వు వాళ్ళ మీద కాక, వాళ్ళ మధ్య దాక్కోలేక తంటాలు పడే నీ అయిదుగురి మీదే రావాలి.

చంద్రగిరి దగ్గర స్వర్ణముఖిలో గంట పడే చోట 'ఠాంగ్' అని పేజీ నిండా రాశావు. వేసవిలో ఆ ఏట్లో ఉండేది ఇసుకే, ఇసుకలో పడ్డ గంట మోగదు. తొంభై పేజీలుగా మోగీ మోగీ వాళ్ళను పట్టించిన గంట అది. 92వ పేజీ మొత్తం ఒకే బొమ్మగా పెట్టి, సగం కూరుకుపోయిన గంటను, చెవులు మూసుకుని నిలబడ్డ అయిదుగురిని చూపించు. ఆ పేజీలో ఒక్క అక్షరం కూడా వద్దు.

మొదటి ఫారం 16 పేజీలు తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న