మందులు ఇస్తున్నారుగా, ఇంకా సంఘం దేనికి? - పాఠకుల ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: అక్కా, నాకు హెచ్ఐవీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటున్నా, ఆరోగ్యం బానే ఉంది. మందులు తీసుకునే చోట పరిచయమైన కొందరు ఆడవాళ్ళు సంఘం పెట్టి హక్కులు, రాజకీయం అని మీటింగులు పెడుతున్నారు, నన్నూ రమ్మంటున్నారు. మందులు ఎలాగూ వస్తున్నాయి కదా, ఇదంతా అవసరమా? ఊరికే అందరి నోళ్ళలో పడటం తప్ప. - ఓ పాఠకురాలు

జవాబు: మీ ఆరోగ్యం బాగున్నందుకు ముందు చాలా సంతోషం, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకండి. ఇక సంఘం సంగతి. ఇలాంటి మందులు జనం చేతిదాకా ఎలా వచ్చాయో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉందండీ. సౌత్ ఆఫ్రికాలో 2000 ప్రాంతంలో కాన్పు టైమ్‌లో తల్లికి నెవిరాపిన్ మాత్ర ఒకటి, పుట్టిన బిడ్డకి కొంచెం సిరప్ ఇస్తే బిడ్డకి సోకే ప్రమాదం బాగా తగ్గుతుందని అప్పటికే తెలుసు, కంపెనీ ఐదేళ్ళు ఊరికే ఇస్తామని కూడా చెప్పింది, అయినా ప్రభుత్వం ఒక్కో ప్రావిన్స్‌లో రెండంటే రెండు చోట్లే ఇస్తామని కూర్చుంది. మిగతా గవర్నమెంట్ ఆసుపత్రుల్లో డాక్టర్‌కి ఇవ్వాలని ఉన్నా ఇవ్వడానికి వీల్లేదు. 1998లో పుట్టిన ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ఉద్యమ సంస్థ వాళ్ళు కోర్టుకెళ్ళారు, అందులో చాలామంది హెచ్ఐవీ ఉన్న పేద ఆడవాళ్ళే. 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అడ్డు తీసేయమని తీర్పిచ్చింది. అంటే అక్కడ మందు ఉంది, డబ్బు సమస్య కూడా పెద్దగా లేదు, ఆపింది ఒక ప్రభుత్వ నిర్ణయం. నిర్ణయాన్ని మార్చాలంటే రాజకీయం చెయ్యాల్సిందే కదా, దానికి ఇంకో పేరు లేదు.

ఇంకో సంగతి చెప్తాను, ఇది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా కడుపు మండుతుంది. అమెరికాలో మొదట్లో ఎయిడ్స్ అంటే ఫలానా ఫలానా జబ్బులు అని ఒక లిస్టు రాసుకున్నారు, అది ఎక్కువగా మగవాళ్ళలో కనిపించినవాటిని చూసి రాసింది. ఆడవాళ్ళకి వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ లాంటివి అందులో లేవు. లిస్టులో లేకపోతే కాగితం మీద మీకు ఎయిడ్స్ లేనట్టే, లేనట్టే కాబట్టి డిజబిలిటీ సాయం అందదు, మనిషేమో మంచం పట్టి ఉంటుంది. అప్పుడు వీధుల్లోకొచ్చిన వాళ్ళ నినాదం ఏంటో తెలుసా, ఆడవాళ్ళకి ఎయిడ్స్ రాదు, దాంతో చచ్చిపోతారంతే అని. ఆ పోరాటంలో కేట్రినా హాస్లిప్ అని ఒకావిడ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ హిల్స్ ఆడవాళ్ళ జైల్లో ఖైదీగా ఉన్నప్పుడు అక్కడి లా లైబ్రరీలో పనిచేస్తూ తోటివాళ్ళకి చట్టం చదివి చెప్పేది, జైల్లోనే మిగతా ఆడవాళ్ళతో కలిసి హెచ్ఐవీ గ్రూప్ నడిపింది, బయటికొచ్చాక లిస్టు మార్చాలని గట్టిగా పోరాడింది. లాయర్ టెర్రీ మెక్‌గవర్న్ వేసిన కేసు, ఈ ధర్నాలు అన్నీ కలిసి చివరికి 1993 జనవరి నుంచి ఆ క్యాన్సర్‌నీ, ఊపిరితిత్తుల టీబీనీ, మళ్ళీ మళ్ళీ వచ్చే న్యుమోనియానీ చేర్చారు, రోగనిరోధక శక్తిని చెప్పే సీడీ4 కణాల లెక్క 200 కంటే తక్కువుంటే కూడా లెక్కలోకి తీసుకున్నారు. హాస్లిప్ 1992 డిసెంబర్‌లోనే చనిపోయింది. కొత్త లిస్టు అమల్లోకి రావడం చూడలేదు.

కాబట్టి ఆ మీటింగ్‌కి ఒకసారి వెళ్ళి కూర్చోండి. నచ్చకపోతే మానేద్దురు గానీ, అవసరమా అని మాత్రం అనకండి.

ప్రశ్న: హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష విడిగా చేయించాలా? - ఓ పాఠకురాలు

జవాబు: చేయించాలి. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ వచ్చే ప్రమాదం దాదాపు 6 రెట్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలుగా 30 ఏళ్ళ నుంచి మొదలుపెట్టమంటుంది, హెచ్ఐవీ ఉంటే 25 నుంచే, అది కూడా 3 నుంచి 5 ఏళ్ళకోసారి. మీరు మందులు తీసుకునే చోట ఈ పరీక్ష లేకపోతే ఎక్కడ చేస్తారో రాసిమ్మని అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను స్టాఫ్ నర్సుని. హెచ్ఐవీ ఉన్న తల్లి కాన్పుకొస్తే పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోమని గట్టిగానే చెప్తాం, వాళ్ళ మంచికే కదా. దాన్ని హక్కుల ఉల్లంఘన అంటున్నారు, బాధేసింది. - ఓ నర్సు

జవాబు: మీ ఉద్దేశం మంచిదే అని నమ్ముతున్నాను, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. గట్టిగా చెప్పడం దగ్గరే తప్పు మొదలైంది. నమీబియాలో ముగ్గురు ఆడవాళ్ళకి గవర్నమెంట్ ఆసుపత్రుల్లో ఇలాగే చేశారు. నొప్పులు పడుతున్నప్పుడు ఫారం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు, ఫారంలో బీటీఎల్ అని మూడు పొడి అక్షరాలు, దానర్థం ఇక జన్మలో పిల్లలు పుట్టరు అని. నొప్పుల్లో ఉన్న మనిషి ఆ మూడక్షరాలు చదివి ఆలోచించుకుని ఒప్పుకుందని ఎలా అంటామండీ? 2012లో అక్కడి హైకోర్టు, 2014లో అక్కడి సుప్రీంకోర్టు, సంతకం ఉన్నంత మాత్రాన అది తెలిసి ఇచ్చిన ఒప్పుకోలు కాదనే చెప్పాయి. హెచ్ఐవీ ఉందనే చేశారు అన్న వాదన మాత్రం కోర్టులో రుజువు కాలేదు, అది కూడా చెప్పాలి. చిలీలో 2002లో సిజేరియన్ చేస్తూ ఒకావిడకి అడక్కుండానే ఆపరేషన్ చేసేశారు, 20 ఏళ్ళు పోరాడితే 2022లో ఆ దేశ అధ్యక్షుడు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

అసలు హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళు 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసి అంతర్జాతీయ సంఘం పెట్టుకుని 12 డిమాండ్లు రాసుకున్నప్పుడే పిల్లల్ని కనాలా వద్దా అన్నది మేం తేల్చుకుంటాం అని అందులో రాశారు. మీకు తెలియంది కాదు, మందులేమీ లేకపోతే బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది, తల్లి మందులు సరిగ్గా వాడితే 5 శాతం లోపుకి వస్తుంది. ఈ మాట నెలలు నిండకముందే, నొప్పులు లేనప్పుడు, ఆవిడకి అర్థమయ్యే భాషలో చెప్పండి. ఆపరేషన్ వద్దంటే వద్దనే రాసుకోండి, మొహం మాడ్చుకోకండి.

ప్రశ్న: మా సంఘం నుంచి నన్ను ఒక కమిటీలో వేశారు. వెళ్ళడం, సంతకం పెట్టడం, ఫొటో దిగడం, రావడం. నోరు తెరిస్తే టైమ్ లేదంటారు. మానేయనా? - ఓ సంఘం సభ్యురాలు

జవాబు: మానకండి, దయచేసి. మా మీద తీసుకునే నిర్ణయాల్లో మేముండాలి అని ఎయిడ్స్ ఉన్నవాళ్ళే 1983లో అమెరికాలోని డెన్వర్‌లో రాశారు, 1994లో పారిస్‌లో 42 దేశాలు దాన్ని ఒప్పుకుని సంతకాలు పెట్టాయి. ఒప్పుకోవడం వేరు, ఇవ్వడం వేరు అని మీకు ఇప్పుడు తెలుస్తోంది. ఎయిడ్స్ మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి సంస్థ యూఎన్ఎయిడ్స్ బోర్డులో కూడా స్వచ్ఛంద సంస్థలకి 5 సీట్లున్నాయి గానీ ఓటు లేదు. అయినా వాళ్ళు వెళ్తున్నారు, కాగితాలు ముందే చదువుకుని వెళ్తున్నారు.

మీరూ ఎజెండా వారం ముందు పంపమని రాతపూర్వకంగా అడగండి. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరికి చోటు అడగండి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. మీరన్నది మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసే కాగితంలో, ఎక్కిందో లేదో చూశాకే సంతకం పెట్టండి. దారి ఖర్చులు, పోయిన కూలీ వాళ్ళే ఇవ్వాలి, అది అడగడానికి సిగ్గుపడొద్దు, ఆ గదిలో జీతం లేకుండా కూర్చునేది చాలాసార్లు మనమే.

ప్రశ్న: సంఘంలో చేరాలని ఉంది గానీ బయట తెలిస్తే నా బతుకు ఏమవుతుందోనని భయం. పేరు చెప్పకుండా పని చేయొచ్చా? - పేరు రాయని పాఠకురాలు

జవాబు: చేయొచ్చమ్మా. మీ భయం ఉత్తుత్తిది కాదు. సౌత్ ఆఫ్రికాలో గుగు డ్లామిని తనకి హెచ్ఐవీ ఉందని బయటికి చెప్పాక 1998 డిసెంబర్‌లో ఒక గుంపు ఆమెని కొట్టి చంపింది. ఆ తర్వాతే అక్కడ ఉద్యమం వాళ్ళు హెచ్ఐవీ పాజిటివ్ అని పెద్దక్షరాలతో టీషర్టులు వేసుకున్నారు, ఉన్నవాళ్ళూ వేసుకున్నారు, లేనివాళ్ళూ వేసుకున్నారు, 2002లో నెల్సన్ మండేలా కూడా వేసుకున్నాడు. అందరూ అదే వేసుకుంటే ఎవరికుందో ఎవరికి లేదో ఎవడు చెప్పగలడు?

చెప్పాలా వద్దా, ఎవరికి, ఎప్పుడు అన్నది మీ ఇష్టం, సంఘం కూడా ఒత్తిడి చెయ్యకూడదు. చేరేముందు రెండు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: సభ్యుల లిస్టు ఎవరి దగ్గరుంటుంది, ఫొటోలు తీస్తారా, వాట్సాప్ గ్రూప్ పేరేంటి. గ్రూప్ పేరులోనే హెచ్ఐవీ అని ఉంటే ఫోన్ ఎవరి చేతిలో పడ్డా అయిపోయినట్టే, మార్చమనండి. పని అంటారా, బోలెడుంది. ఏ తారీఖున మందులు లేవని తిప్పి పంపారు, మూడు నెలలకి ఇవ్వాల్సింది వారానికే ఎందుకిచ్చారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష) రిపోర్ట్ ఎన్ని రోజులకొచ్చింది, ఇవన్నీ పేర్లు లేకుండా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టే మనిషి ప్రతి సంఘానికీ కావాలి. కమిటీలో కూర్చున్నామె చేతిలో ఆ నోట్‌బుక్ ఉంటే టైమ్ లేదని పంపించేయడం అంత తేలిక కాదు.