హైడ్రోపోనిక్స్ కోర్సు సంగతి తర్వాత, ముందు ఎకరం మడి ఇచ్చి చూడండి

ఒడిశాలో గుణుపురం పక్క ఊరి నుంచి ఒక తండ్రి అడిగారు. వంశధార వైపు నాలుగెకరాల వరి, అబ్బాయి ప్లస్ టూ సైన్సు, బయాలజీ, లెక్కలు రెండూ ఉన్నాయి. బీటెక్ అంటే వినడు, వ్యవసాయమే చేస్తానంటాడు, అదీ ఇంట్లో ఉన్న వరి కాదు, ఫోన్లో చూసిన హైడ్రోపోనిక్స్ అట, మట్టి లేకుండా ఎరువు కలిపిన నీళ్ళలోనే మొక్కలు పెంచడం, దానికో ఆన్‌లైన్ కోర్సు ఉందట. బీటెక్, బీఎస్సీ అగ్రికల్చర్, ఈ కోర్సు, మూడూ పోల్చి చెప్పమన్నారు. ఆఖర్న "మట్టి పిసికే బతుకు నాతోనే ఆగిపోవాలి" అని ఒక ముక్క రాశారు.

అయ్యా, మీ టెన్షన్ అంతా ఆ ఆఖరి ముక్కలోనే ఉంది. రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా తండ్రులు నన్నడిగేది ఇదే, కోర్సు పేరొక్కటే ఏటా మారుతుంది. పిల్లాడి ముందు రోజూ వ్యవసాయాన్ని తిట్టిపోసి, ఇప్పుడు వాడు మట్టే లేని సేద్యం చేస్తానంటే ఆశ్చర్యపోతే ఎలా? వాడికి మీరు నేర్పిందే అది.

ఆ హైడ్రోపోనిక్స్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. మట్టిలో పెరిగే మొక్కకి ఒక పూట నీళ్ళు అందకపోయినా నేల కాస్త ఆదుకుంటుంది, ఇక్కడ వేరుకి ఆ ఆసరా ఉండదు, మే నెల ఎండలో కరెంటు పోయి మోటారు కొన్ని గంటలు ఆగిందంటే ఆకు వాలిపోతుంది. నీళ్ళ పీహెచ్, అంటే పులుపు కొలత, ఐదున్నర, ఆరున్నర మధ్య ఉందో లేదో రోజూ చూసుకోవాలి, ఎరువు ద్రావణం కలపాలి, షెడ్డు ఖర్చు వేరే. సరే, అన్నీ చేశాడనుకుందాం, సలాడ్లలో వేసే లెట్యూస్ ఆకు కోసి ఎవరికి అమ్ముతాడు? గుణుపురం సంతలో వంకాయ, బెండ, తోటకూర అడుగుతారు గానీ లెట్యూస్ ఎవరడుగుతారండీ? విశాఖ హోటళ్ళకో భువనేశ్వర్‌కో పంపాలంటే చల్లటి బండి కావాలి. పెద్ద ఊరి శివార్లలో, కొనేవాడు ముందే ఉన్నచోట, కొందరికి గిట్టుతుంది, కాదనను. కానీ వీడియోల్లో కనిపించేవాళ్ళకి ఆకుకూర మీద ఎంత వస్తుందో, మీ వాడిలాంటి పిల్లల ఫీజుల మీద ఎంత వస్తుందో ఒకసారి అడిగి చూడమనండి.

ఇంతకీ మీ వాడికి సొంత మడి సంగతి ఎంత తెలుసు? ఈ ఖరీఫ్‌కి ఒక ఎకరం వాడి చేతికివ్వండి, ఇచ్చాక మీరు గట్టు మీదే ఉండండి. దుక్కికి ముందు మట్టి పరీక్షకి నమూనా వాడే తీయాలి. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున, గట్టు పక్కన, చెట్టు కింద, గెత్తం (పశువుల ఎరువు) పోగేసిన చోట వదిలేసి తీసి, అన్నీ కలిపి అరకిలో మిగిల్చాలి. విత్తనానికి ఉప్పునీళ్ళ పరీక్ష చేయమనండి: కోడిగుడ్డు రూపాయి బిళ్ళంత పైకి తేలేదాకా ఉప్పు కలిపి, విత్తనాలు పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవి మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. ఊడ్పుల్లో రెండు మీటర్లకొక కాలిబాట వదలాలి. పక్కవాడు చల్లాడని వీడూ యూరియా ఒక్కసారే గుమ్మరించకుండా మూడు దఫాలుగా వేయాలి, లేకపోతే ఆకు ముదురుపచ్చగా మారి, వరి రసం పీల్చే దోమపోటుని పిలిచినట్టే, మీరు వేసేది స్వర్ణ రకం అయితే మరీను, ఎంటీయూ 1001 రకం అయితే కొంత తట్టుకుంటుంది. ప్రతి రూపాయీ నోటు పుస్తకంలో రాయాలి. దుబ్బు విడదీసి, మొదట్లో దోమ ఉందో లేదో తనంతట తాను చూశాడంటే వాడికి ఇష్టం ఉన్నట్టే. ఫోన్లో షెడ్డు చూడటం వేరు, కలుపు తీసేరోజు నడుం వంచడం వేరు.

పోలిక అడిగారు కదా, క్లుప్తంగా చెప్తాను. ఇష్టం లేనివాడికి బీటెక్ వద్దు, మీ డబ్బు, వాడి నాలుగేళ్ళు పోతాయి. బీఎస్సీ అగ్రికల్చర్ కూడా నాలుగేళ్ళే, ఆఖరి ఏడాదిలో పల్లెలో రైతుల దగ్గర పనిచేయిస్తారు, తర్వాత బ్యాంకుల్లో వ్యవసాయ అధికారి, వ్యవసాయ శాఖ, విత్తనాల కంపెనీలు, పై చదువులు ఉన్నాయి, పోటీ మాత్రం గట్టిగానే ఉంది. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సీటొస్తే ఇంకో మాట లేదు. శ్రీకాకుళం దగ్గర నైరా కాలేజీ మీకు దూరంలో దగ్గరే, కానీ ఒడిశాలో చదివిన పిల్లలకి అక్కడ లోకల్ హోదా రాదు, ఆశ పెట్టుకోకండి. ప్రైవేటుకి వెళ్తే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా, కాలేజీకి సొంత పొలం ఉందా, పిల్లలు అందులో దిగుతారా అని మీరే వెళ్ళి చూడండి. నున్నటి బిల్డింగు చూసి ఫీజు కట్టకండి.

సీటు రాకపోతే? కొంప మునగదు. నాలుగెకరాలు, పక్కన నది, వరి తర్వాత మినుమో పెసరో వేసుకునే నేల ఉన్న పిల్లాడు దిక్కులేనివాడు కాదు. మీరు సిగ్గుపడటం మానేస్తే వాడికి సగం భయం పోతుంది, పరువు పరువు అని వాడి చెవిలో పోరకండి.

దరఖాస్తులు ఈలోగా వేయించండి, పొలం పనీ చదువూ ఒకదానికొకటి అడ్డం కావు. ఆ ఆన్‌లైన్ కోర్సుకి అడ్వాన్సు ఏమైనా కట్టేసి ఉంటే, రసీదు చూపించి ఈ వారంలోనే వెనక్కి అడగండి.